మంచివాడి చేతులు

“ఆయన చాలా మంచివారండీ” అని మనం ఎవరి గురించైనా అంటే, అందులో సగం మెప్పూ సగం జాలీ ఉంటాయి, గమనించారా? రష్యాలో ప్రిన్స్ గ్యోర్గీ ల్వోవ్ కథ చదువుతుంటే నాకా మాటే గుర్తొచ్చింది.

ఎంత పాత రాజవంశమైనా, ల్వోవ్‌లకి మిగిలింది అప్పులే. తూలా ప్రాంతంలోని ఎస్టేటు చేజారిపోయే పరిస్థితి వస్తే, ఇంటిల్లిపాదీ నల్లరొట్టె, క్యాబేజీ చారుతో సరిపెట్టుకుని, రైతులతోపాటు పొలంలో దిగి దాన్ని నిలబెట్టుకున్నారు. తర్వాత యుద్ధాల్లో గాయపడ్డవాళ్ల సేవ చేసి ల్వోవ్ దేశమంతటా మంచిపేరు తెచ్చుకున్నాడు.

1917 మార్చిలో జారు చక్రవర్తి గద్దె దిగగానే, తాత్కాలిక ప్రభుత్వానికి ఈయన్నే పెద్దగా కూర్చోబెట్టారు. మరణశిక్ష రద్దయింది. పత్రికలకీ సభలకీ స్వేచ్ఛ వచ్చింది. ఓటుహక్కు కావాలని పెట్రోగ్రాడ్ వీధుల్లో వేలాది స్త్రీలు ఊరేగితే, ఇస్తామని మాట ఇచ్చిందీ ఈయనే. పాత గవర్నర్లని తీసేసి, తమ సంగతి జనమే చూసుకుంటారని నమ్మాడు.

కానీ యుద్ధం ఆగలేదు, రైతులకి భూమి దక్కలేదు. జూలైలో రాజధాని వీధుల్లో రక్తం పారింది. దేశం నిలవాలంటే జనం మీద కాల్పులు జరపాలి, అది తనవల్ల కాదు, కెరెన్‌స్కీ చేయగలడు, అనే అర్థంలో చెప్పి తప్పుకున్నాడంటారు. ఆయన దిగిపోయిన అయిదు రోజులకే యుద్ధరంగంలో మరణశిక్ష తిరిగొచ్చింది.

ఇది మంచితనమా, తప్పించుకోవడమా? తన చేతికి రక్తం అంటకూడదనుకోవడం గొప్పే. కానీ ఫలానావాడు చేయగలడని చూపించి మరీ వెళ్లాడే!

ఆయన్ననడానికి నేనెవర్ని? నాన్నగారు పోయాక మా ఊరి ఇల్లు అమ్మాల్సి వచ్చింది. వెనక వాటాలో ఇరవై ఏళ్లుగా ఉంటున్న ముసలావిణ్ణి ఖాళీ చేయమనడానికి నాకు నోరు రాలేదు. తాళాలు తమ్ముడి చేతిలో పెట్టి బస్సెక్కేశాను. వాడు నెల తిరక్కుండా ఖాళీ చేయించాడు. వచ్చిన డబ్బులో నా వాటా నేను తీసుకున్నాను. ఇప్పటికీ ఊళ్లో “అక్కగారు దేవతండీ, ఆ తమ్ముడే కసాయి” అంటారు.

వాడు నవ్వి ఊరుకునేవాడు. ఈమధ్యే ఒకసారి, “నీ మంచితనానికి అద్దె నేను కడుతున్నానక్కా” అన్నాడు.

ల్వోవ్ చివరికి పారిస్ చేరి, తనలాగే దేశం వదిలి వచ్చినవాళ్లకి సాయపడుతూ 1925లో కన్నుమూశాడు. ఆ సేవలో ఎంత మంచితనమో, ఎంత బాకీ తీర్చుకోవడమో ఆయనకే తెలియాలి.

నాకు తెలిసింది ఒక్కటే. ఈసారి ఊరెళ్లినప్పుడు ఎవరైనా ఆ మాటంటే, “వాడిచేత ఆ పని చేయించింది నేనే” అని చెప్పాలి.

చెప్పగలనంటారా?