యాసా, తప్పా? కోడూరు తరగతిలో ఆంగ్లోచ్చారణ బోధన

ఆంగ్లంలోని ఉచ్చారణ భేదాలను బోధించడం ధ్వనిశాస్త్ర విషయంగానే పరిగణింపబడుతున్నది. అందులో ఒక నైతిక ప్రశ్న కూడా ఉంది. ఒకే ధ్వనిని ఒకరి నోట యాస అనీ, మరొకరి నోట తప్పు అనీ నిర్ణయించడం న్యాయమేనా?

కృష్ణానది సముద్రంలో కలిసే హంసలదీవి దివిసీమలోని కోడూరు మండలంలో ఉంది. ఆ ప్రాంతపు విద్యార్థి ‘థింక్’, ‘దిస్’ అన్నప్పుడు ఆంగ్ల ఊష్మాలకు బదులు దంత్య స్పర్శాలను పలుకుతాడు. బడిలో అది దోషం. ఐర్లండులో ఆంగ్లమే మాతృభాషగా గల అనేకులు పలికేదీ దంత్య స్పర్శమే. దానిని ఐరిష్ యాస అంటారు. ఇక్కడ తీర్పు ధ్వనిని బట్టి కాక, పలికినవారిని బట్టి వస్తున్నది.

అయితే ప్రతి భేదమూ ఇటువంటిది కాదు. దిక్కును తెలిపే ‘వెస్ట్’, బనియనును తెలిపే ‘వెస్ట్’ తెలుగువాని నోట ఒకటైనా సందర్భం ఆదుకుంటుంది. ఊనిక తప్పితే చాలాసార్లు అదీ ఆదుకోదు. భారతీయాంగ్ల సుబోధకతపై 1969లో హైదరాబాదు నుంచి వెలువడిన ఆర్.కె. బన్సల్ పరిశోధన అవగాహన లోపానికి ఊనికను ముఖ్యకారణాలలో ఒకటిగా గుర్తించింది. అటువంటి చోట దిద్దడం ఉపాధ్యాయుని ధర్మం. యాసలన్నీ సమానమేనని చెప్పి ఊరుకుంటే, ఇంటర్వ్యూ గదిలో ఆ సమానత్వం లేదని తెలుసుకోవలసివచ్చేది విద్యార్థే.

ఈ పాఠానికి తగిన ఆరంభం తెలుగులోనే ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి వ్యవసాయ పదాల సేకరణ ఆధారంగా తెలుగు నేలను నాలుగు మాండలిక మండలాలుగా విభజించారు. కృష్ణా జిల్లా మధ్య మండలంలోనిది. ఆధునిక ప్రామాణిక భాషకు ప్రధానాధారం ఆ మండలపు శిష్టవ్యవహారం. (శిష్టులది మాత్రమే. దివిసీమ కూలీల, మత్స్యకారుల పలుకుబడికి అందులో దక్కిన చోటు స్వల్పం.) కనుక ఆంగ్లంలో ముద్దాయిగా నిలబడే కోడూరు విద్యార్థి, తెలుగులో తెలియకుండానే తీర్పరి పక్షాన ఉంటాడు. సినిమాలో తెలంగాణ, ఉత్తరాంధ్ర యాసలు వినబడగానే అతడు నవ్వడానికి కారణం అదే.

ఆంగ్ల తరగతిలో తెలుగు ముచ్చట కాలహరణమన్న ఆక్షేపణ రావచ్చు. ఒక్క గంట చాలు. ఐరిష్, స్కాటిష్ గొంతులతో పాటు శ్రీకాకుళం, కరీంనగర్ గొంతులనూ వినిపించి, ఏది విన్నప్పుడు నవ్వు వచ్చిందో, ఎందుకు వచ్చిందో విద్యార్థులనే అడగవచ్చు.