మిద్దెమీది పిట్టగోడ

చదువవలసిన భాగములు: ద్వితీయోపదేశకాండము 22:8, 2 సమూయేలు 16:1–4, 19:24–30



క్రొత్త యిల్లు కట్టుకొనువాడు మిద్దెచుట్టు పిట్టగోడ కట్టవలెనని మోషే ధర్మశాస్త్రములో ఒక చిన్న ఆజ్ఞ యున్నది. గోడ లేనందున ఎవడైన పడి చచ్చినయెడల ఆ దోషము ఇంటివానిమీదికి వచ్చును. మనము సాధారణముగా దీనిని చదివి దాటిపోవుదుము. మిద్దె ఎక్కవద్దని దేవుడు చెప్పలేదు. రాహాబు జనుపకట్టె ఆరబెట్టుకొన్నది మిద్దెమీదనే. పేతురు ప్రార్థనకు ఎక్కినదియు మిద్దెమీదికే. అయితే పడినవాడు తానే చూచుకొని నడువవలసినది గదా యని ఇంటివాడు తప్పించుకొనుటకు మాత్రము వీలులేదు.

మన పల్లెలలోని బిడ్డలకు ఇట్టి మిద్దె యొకటి దొరికినది. 2020లో కరోనావలన బడులు మూతపడగా పాఠములు ఫోనులోనికి వచ్చెను. అప్పు చేసియైనను తలిదండ్రులు ఫోనులు కొనిరి. బడులు మరల తెరచిరి గాని ఫోను ఇంటిలోనే నిలిచిపోయినది. పిట్టగోడ మాత్రము ఎవరును కట్టలేదు. "మాకు చదువు రాదు, అన్నియు వానికే తెలియును" అని పెద్దలు అందురు. వ్రేళ్లు ఆడించుట బిడ్డకు మనకంటె బాగుగా తెలియును, నిజమే. ఎవని మాట నమ్మవచ్చును, ఎవనిది నమ్మరాదు అనునది వ్రేళ్ల నేర్పు కాదు. సంతలో ఎద్దును కొనువాడు పండ్లు చూచి, నడిపించి చూచి, అమ్మువానిది ఏ ఊరో అడిగిన తరువాత గాని రూపాయి తీయడు. ఈ విద్య మన రైతులకు ఎప్పటినుండియో యున్నది. బిడ్డకు చెప్పవలసినదియు ఈ విద్యయే.

దావీదు సంగతి చూడుడి. అబ్షాలోముకు భయపడి రాజు కొండదారిని పారిపోవుచుండగా సీబా ఎదురువచ్చెను. గంతలు కట్టిన రెండు గాడిదలు, రెండు వందల రొట్టెలు, ద్రాక్షగెలలు, పండ్లు, ద్రాక్షారసము వెంట తెచ్చెను. అతని యజమానుడగు మెఫీబోషెతు ఏడి యని రాజు అడుగగా, అతడు రాజ్యము తనకు వచ్చునని ఆశపడి యెరూషలేములో నిలిచిపోయెనని సీబా చెప్పెను. రాజు మరి యెవరిని విచారింపలేదు. మెఫీబోషెతు ఆస్తి అంతయు ఆ క్షణమందే సీబాకు ఇచ్చివేసెను. ఆ ఘడియ ఎట్టిదో గమనింపుడి. రాజు అలసియున్నాడు, ఆకలిగొన్నాడు, కన్నకొడుకే తిరుగబడినందున ఎవరు ద్రోహులన్నను నమ్ముటకు మనస్సు సిద్ధముగా నున్నది. వార్త కానుకతో కూడ వచ్చినది. ఈ లింకు నొక్కినయెడల ఉచిత రీచార్జి దొరకుననియు, స్కాలర్‌షిప్పు మంజూరైనదనియు బిడ్డల ఫోనులకు వచ్చు కబురులును ఇట్టివే; గాడిదలమీద రొట్టెలు వేసికొని వచ్చును.

తరువాత రాజు తిరిగి వచ్చినప్పుడు మెఫీబోషెతు ఎదుటికి వచ్చెను. కుంటివాడు, రాజు వెళ్లిననాటినుండి గడ్డము కత్తిరించుకొనలేదు, బట్టలు ఉదుకుకొనలేదు. రాజ్యమునకు ఆశపడినవాని వాలకము అది కాదు. అయినను దావీదు భూమిని ఇద్దరు పంచుకొనుడనెను. ఎవరిది నిజమో తేల్చుటకు అప్పటికి రాజుకు ఓపిక లేకపోయెనేమో. మొదట పలికినవాని మాట న్యాయముగానే తోచునని, ఎదుటివాడు వచ్చినతరువాత గాని సంగతి తేలదని సామెతలు 18:17లో అతని కుమారుడే చెప్పెను. తండ్రి వ్యవహారమును తలంచుకొనియే చెప్పెనేమో, మనకు తెలియదు.

ఇక ఒక కఠినమైన ప్రశ్న. అబద్ధమని తెలియక ఒకడు దానిని నలుగురికి పంపినయెడల వానికి దోషము కలదా? 2018వ సంవత్సరమంతయు పిల్లలను ఎత్తుకొనిపోవువారు తిరుగుచున్నారని మన దేశములో పుకార్లు వ్యాపించెను. జూలై 13న కర్ణాటకలోని బీదరు జిల్లాలో, హైదరాబాదునుండి వెళ్లినవారిలో ఒకరు బడిపిల్లలకు ముద్దుగా చాక్లెట్లు ఇచ్చిరి. అంతే. వారే దొంగలని వాట్సాపులో కబురు ముందుగా పరుగెత్తెను. ముర్కి గ్రామమువద్ద జనులు దారి అడ్డగించి కొట్టగా ఒక యువకుడు మరణించెను. ఆ కబురు పంపినవారిలో బిడ్డలమీది ప్రేమచేతనే పంపినవారును ఉందురు గదా! తెలియక చేసినవాడును దోషియేయని లేవీయకాండము 5:17 చెప్పుచున్నది. ఎరుగక చేసినవానికి దెబ్బలు కొద్దియేయని ప్రభువు లూకా 12:48లో చెప్పెను. కొద్ది దెబ్బలనెను గాని అసలే లేవనలేదు. ఆ పంపినవాడు పదునాలుగేండ్ల బిడ్డయైనయెడల, అడిగి తెలిసికొనుమని వానికి ఎన్నడును నేర్పని మనకు ఎన్ని దెబ్బలు? పిట్టగోడ ఆజ్ఞ పడినవానితో గాక ఇంటివానితోనే మాటలాడుచున్నది. ఆ నెలలోనే వాట్సాపు కంపెనీ మన దేశములో ఒకేసారి అయిదు చోట్లకు మించి పంపకుండ హద్దు పెట్టుచున్నట్లు ప్రకటించెను. కంపెనీవాడును కొంత గోడ కట్టెను, పొట్టి గోడయే.

మంచి ఉద్దేశముతో పంపినది చెడుగు చేయదని అనుకొనవద్దు. ఆఫ్గనిస్తానములో మిషనరీలకు రేపే మరణశిక్ష, వెంటనే ప్రార్థించి అందరికి పంపుడని ఒక కబురు క్రైస్తవులమధ్య తిరుగుచున్నది. అది 2009 నాటికే తిరిగినది. 2021లో మరల లేచినది. ఎన్నేండ్లు గడచినను దానిలోని "రేపు" రేపే. ప్రార్థించినందున నష్టమేమని కొందరు అడుగుదురు. అబద్ధమైన నేరము ఒక జనాంగముమీద మోపబడుచున్నది, అది ఒక నష్టము. నిజముగా శ్రమపడు విశ్వాసుల కబురు వచ్చిననాడు జనులు నమ్మకుండుట అంతకంటె గొప్ప నష్టము. బెరయవారు పౌలు మాటనే లేఖనములతో సరిచూచిరి. అందుకు వారిని ఘనులనిరే గాని అవిశ్వాసులనలేదు.

ఇది నేర్పరాని విద్య కాదు. కేరళలోని కన్నూరు జిల్లాలో, వదంతులకు భయపడి తలిదండ్రులు బిడ్డలకు తట్టు టీకా వేయింపనందున, 2018లో 150 ప్రభుత్వ పాఠశాలలలో అబద్ధపు వార్తలను గుర్తించు పాఠములు మొదలుపెట్టిరి. అదే సంవత్సరము జోగుళాంబ గద్వాల జిల్లాలో పోలీసు సూపరింటెండెంటు రెమా రాజేశ్వరి గారు కానిస్టేబుళ్లను పల్లెలకు పంపి, డప్పు పాటలతో ఈ సంగతి చెప్పించిరి. మన సండేస్కూలులో వాక్యము చెప్పిన తరువాత పదినిమిషములు చాలును. ఒక కబురును పలకమీద వ్రాసి, దీనిని మొదట చెప్పినది ఎవరు, ఎప్పటిది, ఈ బొమ్మ ఏ ఊరిది, పత్రికలలో మరెవరైన వ్రాసిరా అని బిడ్డలచేతనే అడిగించుడి. గిబియోనీయుల బూజుపట్టిన రొట్టెలు చూచి యెహోషువ మోసపోయిన కథ (యెహోషువ 9) వారికి మిక్కిలి యిష్టమగును. కంటితో చూచినదియు కల్పితము కావచ్చునని దానివలన వారే గ్రహింతురు.

ఇంటిపని వేరు. బ్యాంకునుండి వచ్చు ఓటీపీ ఎవరికిని చెప్పవద్దని, ముఖమెరుగనివానికి తన ఫోటో పంపవద్దని ఆడబిడ్డకును మగబిడ్డకును చెప్పవలెను. ఆడబిడ్డకు మాత్రమే చెప్పి ఊరకుండు అలవాటు మనలో నున్నది, అది మంచిది కాదు. బిడ్డ ఫోటోను మార్చి, సొమ్ము పంపుము లేనియెడల నలుగురికి చూపుదునని బెదిరించు దుర్మార్గులున్నారు. వారికి బలము ఎక్కడినుండి వచ్చుచున్నది? నాన్నకు తెలిసినయెడల చంపునని బిడ్డకున్న భయమునుండియే. తండ్రులు బిడ్డలను విసిగించి క్రుంగజేయవద్దని పౌలు కొలొస్సయులకు వ్రాసిన మాట (3:21) ఇచ్చట ప్రాణము కాపాడు మాట. ఫోను లాగుకొని కొట్టినయెడల ఆ బిడ్డ రెండవమారు మనతో చెప్పదు, ఎదుటివాడు చెప్పినట్లే చేయును.

కాబట్టి ఈ నెలలో ఒక సాయంకాలము, కోపము లేని వేళ చూచుకొని, "ఏమి జరిగినను మొదట నాతో చెప్పుము, నేను కొట్టను" అని బిడ్డతో అనుడి. చెప్పిననాడు బెదిరించువాని కబురులను చెరిపివేయక అట్లే యుంచుడి. బిడ్డకు ఆపదయైన 1098కు, సొమ్ము పోయిన 1930కు వెంటనే ఫోను చేయవచ్చును. సొమ్ము సంగతిలో తెల్లవారువరకు ఆగవద్దు. అది ఖాతానుండి ఖాతాకు దాటిపోకమునుపే బ్యాంకువారు ఆపగలరు. ఈ రెండు నంబర్లను గుడి తలుపువద్ద పెద్ద అక్షరములతో వ్రాయించుడని సంఘపెద్దలను కోరుచున్నాము.