తుప్పు, ఓర్పు, లెక్క

అండమాను నికోబారు ద్వీపములలో ఇనుమునకు దీర్ఘాయువు లేదు. అక్కడ సంవత్సరమునకు సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షము కురియును. మే నెలలో నైరుతి ఋతుపవనము అడుగుపెట్టినది మొదలు, ఈశాన్య ఋతుపవనము వెడలిపోవు డిసెంబరు వరకు నేల పూర్తిగా ఆరదు. వర్షము లేని దినమున సముద్రపు గాలి ఉప్పును మోసికొని వచ్చును. ఇనుమును నీరు, ప్రాణవాయువు కలిసి తినివేయును; ఉప్పు ఆ పనిని త్వరపరచును. పుట్టిన తుప్పు తాను పుట్టిన ఇనుము కంటె ఎక్కువ చోటు ఆక్రమించును గనుక, పైనున్న రంగును పొక్కువలె ఉబ్బించి పగులగొట్టును. పైకి పొక్కు కనబడునాటికే లోపల రేకు సగము పోయియుండును.

ఇట్టి చోట ఒక గృహస్థుడు తన ఇంటి ప్రక్క రేకుల షెడ్డులో పాత జీపు నొకదానిని నిలిపి, దానిని తిరిగి నడిపించవలెనని పూనుకొనుట వింతగా తోచవచ్చును. అయినను ఆ కోరిక అర్థములేనిది కాదు. 1941 నుండి అమెరికా సైన్యము కొరకు విల్లీస్ సంస్థ వేలకొలదిగా చేసిన ఆ వాహనము, బురదలోను రాళ్లలోను నడుచుటకే పుట్టినది. 1945లో స్థాపింపబడిన మహీంద్రా సంస్థ ఆ జీపులను భారతదేశమునకు తెచ్చి, మొదట ఇక్కడ బిగించి, పిమ్మట ఇక్కడనే తయారుచేసి, అదే కుదురును ఏండ్లతరబడి నిలిపినది. కావున దాని భాగములు నేటికిని దొరకును. దాని యంత్రమును సామాన్యుడైన మెకానిక్కు విప్పి, చూచి, గ్రహించగలడు. 2011 జనాభా లెక్కల ప్రకారము ఆ ద్వీపములలో నూటికి 13 మందికి పైగా తెలుగు మాతృభాషగా గలవారు. శ్రీకాకుళము, విశాఖపట్నము తీరములనుండి వెళ్లి చెమటోడ్చి స్థిరపడిన కుటుంబములు వారిలో అనేకము. పనికివచ్చు వస్తువును పారవేయుట అట్టివారి ఇండ్లలో అలవాటు కాదు.

అయితే ఆ షెడ్డులో ఒక ప్రశ్న కూడ కూర్చుండియుండును. ఆటంకము వెంట ఆటంకము వచ్చుచుండగా పని విడువకుండుట ఓర్పా, మొండితనమా? ఓర్పు ఆత్మఫలములలో ఒకటి. మొండితనమో, ఓర్పు వస్త్రములనే ధరించుకొని తిరుగును. రెండును తెల్లవారుజామున లేచును, రెండును చేతులను మసి చేసికొనును, రెండును ఇంకొక్క నెల అని చెప్పును. వాటిని వేరుచేసి చూచుట ఎట్లు? ఈ ప్రశ్న జీపుతో ముగియదు. చెడిన వ్యాపారము, చీలిన సంఘము, విరిగిన కాపురము, దారి తప్పిన కుమారుడు, వీటిలో దేనినైనను బాగుచేయ పూనుకొన్నవాడు ఒకనాడు ఇదే ప్రశ్న యెదుట నిలువవలసినవాడే.

మొదటి గుర్తు ఇది: ఓర్పు గలవాడు రంగు క్రింద చూచుటకు భయపడడు. పాత వాహనమును కొనినవాడు మొదట చేయవలసినది రంగు వేయుట కాదు. సుత్తితో తట్టి చూచుట. గట్టి ఇనుము ఖంగున మ్రోగును. తుప్పు తిన్నది బొద్దుగా పలుకును. నీరు నిలుచు మూలలు, చాసీ పట్టీల లోపలి భాగములు, అడుగు రేకులు, స్ప్రింగుల కొక్కెములు, ఇవన్నియు తడిమి చూడవలెను. నెహెమ్యా యెరూషలేమునకు వచ్చినప్పుడు గోడ కట్టుదమని వెంటనే చాటింపు వేయలేదు. రాత్రివేళ కొద్దిమందితో బయలుదేరి, పడిన గోడలను, కాలిన గుమ్మములను తన కన్నులతో చూచెను. పశువు సాగలేని చోటువరకు వెళ్లెను. ఆ చూపు తరువాతనే ఆయన ప్రజలతో మాటలాడెను. ఆ గోడ 52 దినములలో ముగిసెనని అందరును చెప్పుకొందురు. దానికి ముందున్న ఆ రాత్రిని జ్ఞాపకము చేసికొనువారు కొద్దిమంది.

మొండివాడు చూచుటకు ఇష్టపడడు. రంధ్రమును లప్పముతో పూడ్చి, గరుకు కాగితముతో నునుపు చేసి, పైన మెరుగు రంగు పూయును. ఒక్క వర్షాకాలము అది ఒప్పుగా కనబడును. పిమ్మట లప్పము తడిని పట్టియుంచి, విడిచియుంచిన దానికంటె వేగముగా లోపలి రేకును తినిపించును. బలహీనమైన గోడకు సున్నము పూసిన ప్రవక్తలను యెహెజ్కేలు గద్దించినది ఇట్టి పనిని గూర్చియే. తనకు తాను చేసికొన్నచో అది ఆత్మవంచన. ఆ వాహనమును మరియొకనికి అమ్మినచో అది దొంగతనము. కొనినవాడు తన పిల్లలను దానిలో ఎక్కించి కొండదారిని దిగునప్పుడు ఆ లప్పము సాక్ష్యము పలుకును.

రెండవది, ఆటంకమునకు అర్థము చెప్పుకొను విధము. ఏండ్లతరబడి ఉప్పుగాలి త్రాగిన బోల్టుకు పానా వేసి బలముగా త్రిప్పినచో దాని తల విరిగి చేతిలోనికి వచ్చును. ఇది ప్రతి పాత జీపులోను జరుగును. భక్తిగల మనుష్యునికి అప్పుడు రెండు శోధనలు కలుగును. ఈ పని దేవునికి ఇష్టము లేదు గనుకనే విరిగినదనుట ఒకటి. దేవుని పనిని సాతాను అడ్డగించుచున్నాడనుట రెండవది. మొదటిది సోమరితనమునకు భక్తి ముసుగు కావచ్చును, రెండవది గర్వమునకు. చాలసార్లు బోల్టు విరుగుటకు కారణము ఉప్పు, నీరు, తొందర. సృష్టియంతయు క్షయమునకు లోబడి మూలుగుచున్నదని అపొస్తలుడు చెప్పిన సత్యము ఆ బోల్టుకును చెల్లును. దేవుడు ఆటంకములగుండ మాటలాడడని కాదు. అయితే ఆయన మాట వినగోరువాడు మొదట బోల్టును సరిగా చూడవలెను. చూడదగిన కారణమును చూడక, చూడలేని కారణమును ఊహించుట విశ్వాసము కాదు.

బిగిసిన బోల్టును విడిపించు పద్ధతి ఓర్పును గూర్చి చక్కని పాఠము. పలుచని నూనెను దాని మరలలోనికి దిగనిచ్చి, ఒక రాత్రి విడువవలెను. మరునాడు సుత్తితో మెల్లగా తట్టవలెను. అవసరమైనచో చుట్టునున్న లోహమును వేడిచేయవలెను. వేడికి లోహము వ్యాకోచించి పట్టు సడలును. పిమ్మట విప్పువైపు కొంచెము, బిగింపువైపు కొంచెము త్రిప్పుచు రావలెను. ఇందులో ఊరకుండుట లేదు, ఊరక బలము చూపుటయు లేదు. ఓర్పు అనగా చేతులు ముడుచుకొనుట కాదని, తగిన పనిని తగిన వేళకు చేసి, తక్కినది కాలమునకు అప్పగించుట అని ఇందువలన తెలియును. ద్వీపవాసికి ఈ పాఠము ఇంకను గాఢముగా అందును. గ్యాస్కెట్టు ఒకటి చినిగినను, పిస్టను రింగులు కావలసినను, 1,100 కిలోమీటర్లకు మించిన సముద్రమును దాటి అవి రావలెను. విశాఖపట్నమునుండియో చెన్నైనుండియో ఓడ బయలుదేరి చేరుటకు మూడు నాలుగు దినములు. సముద్రము కల్లోలముగానున్నచో ఇంకను ఆలస్యము. వచ్చిన భాగము కొలతకు సరిపడనిచో మరల మొదటికి. ఆ నిరీక్షణ కాలమున విప్పిన భాగములను కడిగి, నూనె రాసి, దేని పేరు దానిపై వ్రాసి భద్రపరచువాడు కాలమును పోగొట్టుకొనలేదు.

మూడవది మరింత లోతైనది. చినిగిన అడుగు రేకుపై క్రొత్త రేకు వేసి వెల్డింగు చేయబోయినచో, చుట్టునున్న పాత రేకు పలుచనైయుండుటచేత వేడికి కరగి, రంధ్రము ముందటికంటె పెద్దదగును. పాత బట్టకు క్రొత్తగుడ్డ మాసిక వేయరాదని ప్రభువు చెప్పిన ఉపమానము వెల్డింగు చేయు ప్రతివాడును తన చేతితో నేర్చుకొనును. మార్గమొక్కటే. తుప్పు ఎంతవరకు పాకినదో అంతవరకు కోసివేసి, గట్టి ఇనుము దొరకిన చోటనుండి క్రొత్త రేకు అతుకవలెను. అరచేతి వెడల్పు అనుకొన్న రంధ్రము మూరెడగుట చూచి గృహస్థుని గుండె జారును. అది నష్టమువలె తోచును. నిజమునకు ఆ దినమున నష్టమేమియు క్రొత్తగా కలుగలేదు. ఉన్న నష్టము బయలుపడినది, అంతే. మారుమనస్సు యొక్క మొదటి దినము కూడ ఇట్టిదే. తన పాపము ఇంత విస్తారమా అని మనుష్యుడు అదరిపడు దినము అతడు చెడిపోయిన దినము కాదు; బాగుపడుట ఆరంభమైన దినము.

నాలుగవ గుర్తు లెక్క. గోపురము కట్టగోరువాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్కింపవలెనని ప్రభువు బోధించెను. ఆ లెక్కలో రూపాయలు మాత్రమే చేరవు. ఎవరి కాలము, ఎవరి నిద్ర, ఎవరి అవసరము అందులో ఖర్చగుచున్నవి? పిల్లల బడి జీతము కార్బురేటరుకు పోయినచో, ఇల్లాలి మందులు టైర్లకు పోయినచో, ఆరాధన దినము షెడ్డులోనే గడచినచో, అక్కడ బాగుపడుచున్నది జీపు ఒక్కటియే. తక్కినవన్నియు తుప్పు పట్టుచున్నవి. యోవాషు రాజు దినములలో యాజకులు మందిరము శిథిలమైన చోట్లను బాగుచేయక 23వ యేటివరకు జరిపిరి. అప్పుడు యెహోయాదా ఒక పెట్టెకు బెజ్జము చేసి, వచ్చిన ద్రవ్యమును లెక్కించి పనివారికి చేరునట్లు ఏర్పాటు చేసెను. ఆ పనివారు నమ్మకస్థులై యుండిరి గనుక వారిని లెక్క అడుగలేదని గ్రంథము చెప్పును. మరమ్మతునకు కావలసినవి రెండు: తెరచిన లెక్క, నమ్మదగిన చేతులు. భార్యకు చూపలేని ఖర్చు పుస్తకము గలవాడు ఓర్పు గలవాడు కాడు, ఎంత కష్టపడినను.

ఈ లెక్కలోనే పనికుఱ్ఱవానిని కూడ చేర్చవలెను. పానా అందించు కుఱ్ఱవాడు చిన్న స్ప్రింగును చేజార్చి పోగొట్టినప్పుడు యజమానుని నోట ఏ మాట వచ్చునో, ఆ మాటయే అతని నిజమైన పనితనము. యంత్రముపై కోపము యంత్రమునకు తగలదు. ప్రక్కనున్న బలహీనునికే తగులును. ఒక వాహనమును నిలబెట్టి ఒక బాలుని మనస్సును పడగొట్టినవాడు ఏమి లాభము పొందెను?

ఇక విడిచిపెట్టుటను గూర్చి. వాహనపు తలుపులు మార్చవచ్చును, యంత్రము మార్చవచ్చును. దాని గుర్తింపు చాసీ మీద కొట్టిన అంకెలో నుండును. స్వంత వాహనమునకు మొదటి నమోదు 15 సంవత్సరములు చెల్లును. పిమ్మట తనిఖీ చేయించి 5 సంవత్సరముల కొకసారి దానిని పునరుద్ధరించుకొనవలెను. 50 సంవత్సరములు దాటి, మూలరూపము చెడని వాహనములకు 2021లో కేంద్ర ప్రభుత్వము ప్రత్యేక నమోదు ఏర్పరచెను. అయితే ఏ కాగితమును విరిగిన వెన్నెముకను నిలుపదు. చాసీయే పలుచోట్ల తినబడినప్పుడు, బ్రేకులును స్టీరింగును నమ్మదగినవిగా చేయ వీలులేనప్పుడు, ఆపుటయే నీతి. ఎదుటినుండి వచ్చు పాదచారి ప్రాణము జీపు యజమానుని పట్టుదలకంటె విలువైనది. అప్పుడు దాని మంచి భాగములను మరియొక జీపునకు ఇచ్చివేయుట ఓటమి కాదు. ఓర్పు తాను ఎందుకొరకు ఓర్చుచున్నదో ఎరుగును గనుక, ఆ ప్రయోజనము తీరని చోట విడువగలదు. మొండితనము తనకొరకే ఓర్చును గనుక విడువలేదు.

ద్వీపముల చరిత్రయే దీనికి సాక్ష్యము. 2004 డిసెంబరు 26న సునామీ కార్ నికోబారు తీరగ్రామములను తుడిచివేసినప్పుడు, బ్రతికినవారు మునుపటి చోటనే మునుపటివలె కట్టుకొనలేదు. లోపలి మెరకకు జరిగి కట్టుకొనిరి. దక్షిణ అండమానులో సిప్పిఘాట్ వంటి చోట్ల నేల క్రుంగి, వరిపొలములలోనికి ఉప్పునీరు చేరెను. దక్షిణపు కొననున్న ఇందిరా పాయింటు నాలుగు మీటర్లకు పైగా దిగిపోయెను. దానికి పూర్వము 1942 నుండి 1945 వరకు జపాను ఆక్రమణలో నలిగిన ఆ ప్రజల మధ్యనే బిషప్ జాన్ రిచర్డ్‌సన్ సేవచేసెను. 1884లో కార్ నికోబారులో పుట్టిన ఆయన క్రొత్త నిబంధనను తన ప్రజల భాషలోనికి తెచ్చెను, 1952లో ప్రథమ లోక్‌సభకు నియమింపబడెను, 1978లో నిద్రించెను. యుద్ధము తీసికొనిపోయిన దానిని ఆయన తిరిగి తేలేకపోయెను. మిగిలిన వారితో సంఘమును నిలుపగలిగెను. యిర్మీయా చూచిన కుమ్మరి కూడ చెడిన పాత్రను మునుపటి రూపమునకు తేలేదు. అదే మన్నుతో తనకు యుక్తమని తోచిన మరియొక పాత్రను చేసెను. బాగుచేయుట అనగా గతమును రప్పించుట కాదు. మిగిలిన దానిని ఉపయోగమునకు తెచ్చుట.

జీపు ఒకనాడు నడుచును. రోగిని ఆసుపత్రికి చేర్చవచ్చును, కొబ్బరికాయలను సంతకు మోయవచ్చును, వృద్ధులను ఆరాధనకు తీసికొని రావచ్చును. ఆ సాయంకాలమే ఉప్పుగాలి మరల తన పని ఆరంభించును. ప్రతి ప్రయాణము తరువాత మంచినీటితో అడుగుభాగమును కడిగి, గీతపడిన చోట వెంటనే నూనె రాయవలెను. తుప్పు తినని ధనము పరమందే యున్నదని ఎరిగినవాడు ఈ లోకపు ఇనుమును అలక్ష్యము చేయడు, పూజింపడు. అప్పగింపబడిన దినములలో దానిని నమ్మకముగా కాపాడి, అడిగిన దినమున లెక్క అప్పగించును.