ఎఱుగని నేరము

శాసనము తెలియదనుట తప్పునకు సాకు కాదని నేను తరగతిలో పిల్లలకు ఏటేట చెప్పుచు వచ్చితిని. రోమను న్యాయవేత్తల కాలమునుండి వచ్చిన యీ సూత్రము ఇంగ్లీషువారి ధర్మశాస్త్రముద్వారా మనకు సంక్రమించినది. వినుటకిది నిర్వివాదముగ దోచును. 'ఎఱుగను' అన్న ప్రతివానిని విడిచిపెట్టినచో లోకమున శిక్షార్హుడే మిగులడు గదా! ఇరువది యేండ్లుగా ఇట్లు బోధించిన నన్ను, మా యరుగుమీద కూర్చుండిన ఒక లారీ డ్రైవరు ఒక్క ప్రశ్నతో మరల విద్యార్థిని జేసెను.

మా యూరు ముత్తుకూరు ప్రాంతమున, కృష్ణపట్నము రేవునకు బోవు బాటప్రక్కన నున్నది. ఆ డ్రైవరు ఒకప్పుడు నా శిష్యుడు. ఎనిమిదవ తరగతితో చదువు చాలించి, క్లీనరుగా చేరి, పిమ్మట డ్రైవరై, 2018లో అప్పుచేసి సొంతలారీ కొనెను. పొదలకూరు మార్కెట్టునుండి ఢిల్లీకి నిమ్మకాయలు తోలుట అతని జీవనము. 2025 నవంబరు మొదటివారమున అతడు బండి కాగితములన్నియు ఒక సంచిలో పెట్టుకొని వచ్చి, "అయ్యవారూ, నా బండిని ఢిల్లీలోకి పోనిస్తారా, పోనియ్యరా? ఒకడు పొమ్మంటాడు, ఇంకొకడు పట్టుకుంటారంటాడు. మీరు ఇంగ్లీషు చదివినోళ్లు గదా, ఉన్నమాట చెప్పండి" అని యడిగెను.

చిన్న ప్రశ్నయని తలచి కంటియద్దములు తుడుచుకొని కూర్చుంటిని. రెండుగంటలు గడచినను ముడి విడలేదు.

మన దేశమున మోటారుబండ్ల పొగకు 'భారత్ స్టేజి' అను మెట్లు కలవు. నాలుగవ మెట్టు 2017 ఏప్రిల్ 1 నుండియు, ఆఱవ మెట్టు 2020 ఏప్రిల్ 1 నుండియు దేశమంతట అమలునకు వచ్చెను; ఐదవ మెట్టును దాటివేసిరి. ఢిల్లీలో రిజిస్టరు కాని డీజిలు సరకుబండ్లలో ఆఱవ మెట్టునకు తక్కువైనవానిని 2025 నవంబరు 1 నుండి నగరములోనికి రానీయరాదని రాజధానీ ప్రాంతపు వాయునాణ్యతా సంఘము ఉత్తరువు చేసెను. పిమ్మట నాలుగవ మెట్టు బండ్లకు 2026 అక్టోబరు 31 వఱకు గడువిచ్చిరి. పదియేండ్లు దాటిన డీజిలుబండ్లు అచ్చట తిరుగరాదను నియమము వేఱొకటి. దానిని జాతీయ హరిత ట్రైబ్యునలు 2015లో విధింపగా, సుప్రీంకోర్టు 2018లో స్థిరపఱచెను, 2025 ఆగస్టులో సడలించెను. అదే యేడు డిసెంబరులో ఆ సడలింపును మరల కుదించెను. ఇవి చాలక, గాలి చెడినకొలది పైకెక్కు నాలుగు అంచెల యాంక్షలు కలవు. గాలి సూచిక 450 దాటినచో నాలుగవ అంచె వచ్చును. అప్పుడు అత్యవసర వస్తువులు తెచ్చునవి తప్ప పాతలారీలు పొలిమేరలో నిలువవలసినదే. నగరప్రవేశమునకు 2015 నుండి పర్యావరణ పరిహారపు సుంకము గలదు. కూరగాయలు, పండ్లు మున్నగువాని బండ్లకు మొదట నుండిన మినహాయింపును 2025లో తీసివేసిరి. కావున నిమ్మకాయ ఒక ఉత్తరువున అత్యవసర వస్తువు కావచ్చును. మఱియొక ఉత్తరువున సుంకమునకు లోబడిన సరకు.

సూత్రములకు విరోధము వచ్చినచో పరసూత్రము బలవత్తరమని పాణిని దారి చూపెను. ఇచ్చట ఏది పూర్వమో, ఏది పరమో తెలిసిన గదా! కాగితములు తిరుగవేసి, నీ బండి నాలుగవ మెట్టుది, గడువు వర్తించునని చెప్పితిని. "నేను దోవలో ఉండగా ఆ నాలుగో అంచె పెడితే?" అని యతడు మరల నడిగెను. పొదలకూరునకు ఢిల్లీకి ఇంచుమించు 2000 కిలోమీటర్లు. బయలుదేరునాడు ఒప్పైనది చేరునాటికి తప్పు కావచ్చును. నిమ్మకాయ దారి పొడుగున ఓర్చుకొనునే గాని పొలిమేరలో మఱి నాలుగు దినములు ఓర్వదు. నేను మిన్నకుంటిని. రెండుభాషల శాస్త్రములు చదివిన నాకు తెలియనిదానిని, ఎనిమిదవ తరగతి చదివినవాడు ఎఱిగియుండవలెనని ఏ నోట చెప్పుదును?

ఇంతమాత్రమున నియమములే తగవని నేననుట లేదు. పొగయొక్క చెఱుపు మాకు తెలియనిది కాదు. రేవునుండి బొగ్గులారీలు పోవు బాటప్రక్కన మా పిల్లల పుస్తకముల యట్టలు మధ్యాహ్నమునకే నల్లబడును. డీజిలు పొగలోని సూక్ష్మరేణువులు ఊపిరితిత్తుల లోతులకు దిగి నెత్తురులో కలియును. ఢిల్లీలోని పసిబిడ్డ పీల్చు గాలికి మా శిష్యుని అప్పు సమాధానము కాజాలదు. ఎం. సి. మెహతా 1985లో వేసిన పిటిషను మొదలు నేటివఱకు గాలికొఱకు నడచిన వ్యాజ్యములు ఆ బిడ్డ పక్షమున నడచినవే. కనుక మన విచారము నియమము ఉండవలెనా యని కాదు. ఉన్న నియమము ఎఱుగనివాడు ఎంతవఱకు దోషి యని.

మన పూర్వులు ఈ భేదమును గుర్తించిరి. తెలిసి చేసిన పాపమునకును తెలియక చేసిన పాపమునకును మనుస్మృతి వేఱువేఱు నిష్కృతులు చెప్పినది. మీమాంసకులు మఱియు లోతునకు పోయిరి. వేఱువిధముగ తెలియరానిదానిని తెలియజేయునదే విధి యని వారి లక్షణము. ఈ లెక్కను తెలియజేయజాలని విధికి విధిత్వమే లోపించును.

నవీన న్యాయస్థానము కూడ ఇట్టి మాటయే చెప్పినది. జయపుర సంస్థానమున 1923లో మంత్రులు నల్లమందునుగూర్చి యొక శాసనము చేసి, దానిని ప్రజలకు ప్రకటింపకయే యుంచిరి. దానిక్రింద 50 రూపాయల జరిమానా పడిన యొకని యప్పీలులో, ప్రకటింపని శాసనము ప్రజలను బంధింపజాలదని సుప్రీంకోర్టు 1951లో తీర్పు చెప్పెను.

ఢిల్లీ యుత్తరువులు దాచబడలేదు, ఎవరైనను చూడవచ్చును గదా యని ఆక్షేపింపవచ్చును. నిజమే. కాని ప్రకటించుట వేఱు, తెలియజేయుట వేఱు. కర్నూలు మండలమున ఎఱ్ఱగుడి కొండమీద అశోకుడు తన యాజ్ఞలను జనులకు తెలియు ప్రాకృతమున చెక్కించెను. కాందహారమున అచ్చటివారికొఱకు గ్రీకు, అరమాయిక భాషలలో వ్రాయించెను. రాతిమీద వ్రాసితిని, చదువుకొనుట మీ పని యని యూరకుండలేదు. కళింగమున ధౌళి, జౌగడ శాసనములలో, ప్రతి తిష్యనక్షత్రమునాడు, అనగా మన పుష్యమినాడు, వీనిని చదివి వినిపింపవలెననియు, నడుమ దినములలో వినువాడు ఒక్కడైనను వినిపింపవలెననియు విధించెను. రెండువేల రెండువందల యేండ్లకు మునుపు రాజు తనపై నుంచుకొన్న యీ భారమును నేటి ప్రభుత్వములు బండి తోలువానిపైకి నెట్టుట న్యాయమా?

ఇక రెండవ పక్షమును చెప్పకున్న నేను పక్షపాతినగుదును. సంచిలోని కాగితములలో పొగ పరీక్ష పత్రమొకటి యుండెను. బండిని ఎప్పుడు పరీక్షించిరని యడుగగా శిష్యుడు తలవంచుకొని, "బండి తీసుకుపోలేదు అయ్యవారూ, డబ్బు పంపిస్తే కాగితం ఇచ్చారు" అనెను. ఇది ఎఱుగమి కాదు. పొగ చెడ్డదని అతనికి తెలియును; పరీక్ష ఎందులకో తెలియును; తెలిసియే కన్ను మూసికొనెను. ఎఱుగుటకు దారి యుండగా ఎఱుగకుండుట దోషము; దారియే లేనప్పుడు ఎఱుగకుండుట దురదృష్టము. మొదటిదానికి జరిమానా తగును. రెండవదానికి జరిమానా వేయుట చదువులేమిపై పన్ను వేయుటయే. ఆ సంగతి కఠినముగనే చెప్పి, మఱునాడు బండిని నిజముగ పరీక్ష చేయింపుమంటిని. చేయించెను.

దారి చూపుట అసాధ్యమేమియు కాదు. లండను నగరమున 2008 నుండి పొగకు హద్దులు గలవు. పెద్దలారీల డ్రైవరుకు ప్రక్కన నడచువారు ఎంతవఱకు కనబడుదురో కొలిచి, ఆ చూపునకు చుక్కలిచ్చు నియమము కూడ నున్నది. 2024 అక్టోబరునుండి ఆ మట్టమును పెంచిరి. ఆ నియమములు మనవానికంటె తేలికయైనవి కావు. కాని పొగహద్దునకు బండి నంబరు చెప్పి యడిగినవానికి, నీ బండి తగును, తగదు అని నగరమే బదులు చెప్పును. మన చెక్‌పోస్టులలో, పెట్రోలు బంకులలో, డ్రైవరు మాటలాడు తెలుగులో, అరవములో, హిందీలో ఇట్టి బదులు దొరకవలెను. దారిలో నున్న బండికి నిన్నటి నియమమే వర్తింపవలెను. ఈ రెండును అడుగుట దయ కోరుట కాదు, న్యాయము కోరుట.

ప్రభుత్వము తన ఋణము తీర్చువఱకు మనమేమి చేయవలెను? మన నెల్లూరు జిల్లాలోనే దూబగుంటలో అక్షరాస్యతా పాఠములు చదువుకొన్న స్త్రీలు 1992లో సారాయి వేలములను అడ్డగించిరి. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతట సారాయి నిషేధింపబడెను. అక్షరము చేరినచోట జనులు శాసనమునకు భయపడువారుగా మిగిలిపోక, శాసనము చేయించువారైరి. చదువుకొన్న ప్రతి గృహమును ఇట్టి యక్షరమునకు ఋణపడియున్నది. మన యింటిముందు నిలిచిన లారీవాని చేతి కాగితమును పదినిమిషములు చదివి చెప్పుట, చదువలేనప్పుడు నాకును తెలియలేదని సిగ్గుపడక చెప్పి, అధికారులకు ఒక జాబు వ్రాయుట—ఇది యే గృహస్థునకు భారము?

శిష్యుడు ఢిల్లీ పోయి వచ్చెను. ఎవరును బండి నాపలేదు. వచ్చినపిమ్మట ఒక బుట్టెడు నిమ్మకాయలు తెచ్చి, "మీ మాట నిజమైంది అయ్యవారూ" అనెను. నా మాట నిజము కాలేదు; ఆ వారము గాలి యంతగా చెడలేదు, అంతియే. ఒకని నిర్దోషిత్వము గాలివాటున నిలిచియున్నంతకాలము ఆ పాత సూత్రమును నేను తరగతిలో సగమే చెప్పుదును. మిగిలిన సగము ఇది: శాసనము తెలియదనుట సాకు కానిచో, తెలియజేయలేదనుట పాలకునకును సాకు కారాదు.