భయము ఎవరి సొత్తు?

వికారాబాదు సమీపముననున్న అనంతగిరి కొండమీద మార్కండేయుడు తపస్సు చేసెనని స్థలపురాణము చెప్పుచున్నది. యమపాశము మెడకు తగులుచుండగా శివలింగమును కౌగిలించుకొని మృత్యువును త్రిప్పిపంపిన ఆ బాలుడు తపస్సు చేసెనను కొండమీదనే నిజాముల యేలుబడిలో క్షయరోగులకు చికిత్సాలయము కట్టుట, అచ్చటి గాలి మంచిదను తలంపుచేత జరిగినదే కావచ్చును. అయినను మృత్యుభయమను నొక్క ప్రశ్న చుట్టు పురాణమును వైద్యమును ఇంత దగ్గరగా చేరి నిలిచిన చోటు మన తెలుగునాట మఱియొకటి నాకు తోచదు.

ఆ కొండ దిగి పడమరగా, నాపరాతి గనుల తాండూరు దాటి కర్ణాటక సరిహద్దు పల్లెలవైపు పోవువారికి అదే భయము వేఱొక పేరున వినబడును. దానిని బాణామతి యందురు. ఉన్నట్టుండి ఇంటిమీద రాళ్లు పడుట, దండెముమీది బట్టలు తమంతట తామే అంటుకొనుట, ఆడువారు కుక్కలవలె మొఱుగుట దాని లక్షణములని చెప్పుకొందురు. చెప్పుకొనుటతో ఆగినచో బాధ లేదు. ఇది ఎవరో చేసిన పని యని ఊరు నిశ్చయించును; ఆ ఎవరో తఱచుగా దిక్కులేని ముసలమ్మయో, కూలి చేసికొని బ్రదుకు పేదవాడో యగును; ఆపైన చెట్టునకు కట్టి కొట్టుట, నోట మంత్రము పలుకకుండ పండ్లు ఊడబెఱుకుట, తుదకు నిలువున తగులబెట్టుట. ఇవి కల్పితకథలు గావు. తెలంగాణ పల్లెలలో జరిగి పత్రికల కెక్కిన ఘోరములు. సరిహద్దు కావలి కర్ణాటకలో దుష్టాచారములను చేతబడిని నిషేధించుచు 2017లో చట్టమే చేయవలసివచ్చినది.

భయమెచ్చటినుండి పుట్టును? బృహదారణ్యకోపనిషత్తు దీనికొక కథ చెప్పినది. సృష్టికి మున్ను ప్రజాపతి ఒంటరిగా నుండి భయపడెను. పిమ్మట, నేను దప్ప వేఱొకటి లేనప్పుడు దేనికి వెఱతునని యోచించెను. ఆ యోచనతోడనే భయము తొలగిపోయెను. రెండవది యున్నదను భావన గలచోటనే భయమునకు తావని ఋషి తీర్మానము. బాణామతి నమ్మినవాడు చేయుచున్న పని దీనికి పూర్తిగా విపర్యయము: తన లోపలి వణకునకు రెండవవానిని వెదకి, దొరకనిచో కల్పించి, ఆ కల్పితునిపై రాయి విసరుచున్నాడు.

ఉపనిషత్తులతో నిమిత్తము లేకయే ఈ సత్యమును చీకటి కథలలో నిరూపించిన వాడొకడు అమెరికాలో పుట్టెను. ఎడ్గార్ ఆలన్ పో 1809 జనవరి 19న బోస్టనులో జన్మించెను. తల్లి రంగస్థల నటి. అతనికి మూడేండ్లైన నిండకమున్నే, 1811 డిసెంబరులో, ఆమె రిచ్మండులో కన్నుమూసెను. ఆమెది క్షయయేయని జీవితచరిత్రకారుల తలంపు. 1831లో అన్నను ఆ వ్యాధియే కొనిపోయెను. 1836లో పినవయస్సుననున్న మేనత్త కూతురు వర్జీనియాను పెండ్లాడెను. 1842 జనవరిలో ఒకనాడు ఆమె పాడుచుండగా నోట నెత్తురు వచ్చెను. ఆ నెత్తురు పడిన కొలదినెలలకే, రక్తరోగమునకు వెఱచి కోటలో తలుపులు బిగించుకొన్న రాజునొద్దకు ఆ రోగమే అతిథియై వచ్చిన 'మాస్క్ ఆఫ్ ది రెడ్ డెత్' కథ వెలువడెను. ఐదేండ్లు వర్జీనియా ఒకనాడు కోలుకొనుచు మఱునాడు కూలుచు, 1847 జనవరి 30న మరణించెను. ఆశకును నిరాశకును నడుమ ఊగిన ఆ యేండ్లే మరణముకంటె దుర్భరములని పో తరువాత ఒక లేఖలో వ్రాసికొనెను. 1849 అక్టోబరు 7న బాల్టిమోరులో, స్మారకము సరిగా లేని స్థితిలో దొరికిన నాలుగవ దినమున, అతడును పోయెను. కారణ మిప్పటికిని తేలలేదు.

ఆ కాలమున క్షయ యెందుచేత వచ్చునో ఎవరును ఎఱుగరు. రాబర్ట్ కాక్ ఆ సూక్ష్మజీవిని కనిపెట్టినది 1882లో. ఎఱుగని చోట మనుష్యుడు ఏమి చేయునో చూడుడు: పో పుట్టిన న్యూ ఇంగ్లండు సీమలోనే, చనిపోయినవారు సమాధిలోనుండి బ్రదికినవారి నెత్తురు పీల్చుటచేతనే ఇంటిల్లిపాది క్షీణించుచున్నారని నమ్మి శవములను పైకి తీసిరి. కాక్ పరిశోధన ప్రకటితమైన పదేండ్లకుగూడ, 1892లో, రోడ్ ఐలండులో మెర్సీ బ్రౌన్ అను యువతి శవమును వెలికిదీసి గుండెను కాల్చి, ఆ బూడిదను రోగియైన ఆమె అన్నచేత త్రాగించిరి. అతడు బ్రదుకలేదు. తాండూరు సరిహద్దు బాణామతికిని దీనికిని ఏమి భేదము? బ్రదికియున్న ముసలమ్మకు బదులు మరణించిన యువతి దొరికినది, అంతియే.

అదే వ్యాధికి తల్లిని, అన్నను, భార్యను అర్పించిన పో తన కథలలో అట్టి రెండవవానిపై నేరము మోపి తప్పించుకొనలేదు; ఇది నాకు అతని జీవితమునందలి మిక్కిలి గొప్ప విషయముగా తోచును. 1843లో వెలువడిన 'ది టెల్ టేల్ హార్ట్' చూడుడు. చంపినవాడే చెప్పు కథ అది. ఆ వృద్ధుడు తనకే అపకారమును చేయలేదనును, అతనిని ప్రేమించితిననును, అతని ధనముపై ఆశ లేదనును. ఉన్నదొక్కటే: పొర కమ్మిన లేతనీలపు కన్ను, రాబందు కన్నువంటిది. గుమ్మమునకు గుమ్మడికాయ కట్టు మన జనమునకు దిష్టి యన నేమో చెప్పనక్కరలేదు. ఏడు రాత్రులు వాడు తలుపు సందులో తల దూర్చి, లాంతరు మూత వీసమంత తెఱచి, దారమువంటి వెలుగును ఆ కంటిపై ప్రసరింపజేసెను. కన్ను మూసియుండెను గనుక చంపలేకపోయెను. ఎనిమిదవ రాత్రి కన్ను తెఱచియుండెను. చంపి, నేలపలకల క్రింద దాచి, వచ్చిన రక్షకభటుల యెదుట ఆ పలకల మీదనే కుర్చీ వేసికొని కూర్చుండెను. అప్పుడు గుండె చప్పుడు మొదలయ్యెను. ఆ చప్పుడు పలకల క్రింద నున్నవానిదని వాడనుకొనెను. కన్ను వృద్ధునిది, గుండె వానిది. వాడు జన్మములో ఎఱుగని సంగతి అది యొక్కటే.

1835 నాటి 'బెరెనీస్' మఱింత దారుణము. వ్యాధిచే కృశించిన మేనమఱదలి పండ్లమీద ఒకని మనస్సు లగ్నమగును. ఆమె చనిపోయెనని పాతిపెట్టుదురు. రాత్రి వాడు తెలివి దెచ్చికొనునప్పటికి బట్టలకు మన్నును నెత్తురును, గోడకు చేరవేసిన పాఱ. చేయిజాఱి పగిలిన పెట్టెలోనుండి ముప్పదిరెండు తెల్లని పండ్లు చెల్లాచెదరగును. సమాధిలో ఆమె బ్రదికియే యుండెను. ఇది చదివినప్పుడు నా మనస్సు మంత్రగత్తెలని పండ్లూడబెఱుకబడిన మన తల్లులవద్దకు పోవును. పట్టకారు పట్టినవాడు తన చేతిని తానెఱుగడు. కథకుడు మాత్రము ఆ చేతిని వానికి చూపించెను.

భయానక కథ భయమునే పెంచునను ఆక్షేపము తేలికైనది గాదు. 1980 దశకారంభమున ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళము' వచ్చునప్పుడు ఇంటింట అది వణకు పుట్టించినది. రచయిత్రి రంగనాయకమ్మ దానిని మూఢవిశ్వాసములకు దోహదమని తీవ్రముగా ఖండించినది. ఆ రచన పఠనీయత నిర్వివాదము. మంత్రమును మనశ్శాస్త్రమును అది ప్రక్కప్రక్కన నడిపిన మాటయు నిజము. కాని పసిపిల్లపై చేతబడి ప్రయోగించు దుష్టుడొకడు వెలుపల నుండుటచేత పాఠకుని వెఱపు వానివైపునకే పరుగెత్తును, తనవైపునకు తిరుగదు. నా తీర్పులో పో కథ కిచ్చటనే ఆధిక్యము.

నాట్యశాస్త్రకర్తయైన భరతుడు భయానకమునకు నలుపు వర్ణమనియు కాలుడు దేవత యనియు చెప్పి దానిని రసములలో చేర్చెను. ఆ శాస్త్రమునకు వ్యాఖ్యాతయైన అభినవగుప్తుడు శాకుంతలమున దుష్యంతుని బాణమునకు బెదరి పరుగెత్తు లేడిని ఉదాహరించి, సహృదయుడు పొందు భయము తనదని గాని, శత్రువుదని గాని, మిత్రునిదని గాని అనిపించక, దేశకాలములు తెగిన శుద్ధభయముగా నిలుచునని వివరించెను. ఎవరికిని చెందని భయమునకు ఎవరిమీదను రాయి విసర నవసరముండదు. దైవీసంపదను లెక్కించుచు గీత అభయమునే మొట్టమొదట నిలిపినది. ఆ అభయమునకు దారి వెఱపును మఱపించుటలో గాక, దానిని తుదముట్ట చూచుటలో నున్నదని నా నమ్మకము.

కావున తెలుగు కథకులకు నా విన్నపమొక్కటి. బాణామతిని గూర్చి వ్రాయదలచినచో మంత్రగత్తె గుడిసెనుండి మొదలుపెట్టకుడు. ఆమెపై మొదటి రాయి విసరినవాని గుండె లోపలినుండి వ్రాయుడు. వ్రాసి, దానిని వికారాబాదు తాండూరు పల్లెల బడిపిల్లలకు బిగ్గఱగా చదివి వినిపింపుడు.