ఎవరినప్పా అడిగేది?

ఏ పని జరగడానికైనా ఐదు కారణాలుంటాయని భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం చెబుతుంది: ఆధారమైన శరీరం, కర్త, కరణాలు, రకరకాల చేష్టలు, దైవం. నేను పుట్టింది మారికుప్పంలో, పని బెంగళూరులో ఒక సీటీ స్కాన్ గదిలో. రోబో చెయ్యి కదిలినప్పుడల్లా నాకు ఈ ఐదే గుర్తొస్తాయి.

ఊపిరితిత్తిలోని గడ్డ నుంచి పరీక్ష కోసం సూదితో ముక్క తీయడానికి ఇలాంటి యంత్రాలు వచ్చాయి. చెన్నైలోని పర్ఫింట్ సంస్థ తయారుచేసిన రోబియో వాటిలో ఒకటి. డాక్టరు సీటీ బొమ్మ మీద గడ్డనూ, చర్మం మీద సూది దిగాల్సిన చోటునూ గుర్తుపెడతారు. కోణం, లోతు యంత్రం లెక్కగట్టి, చెయ్యి చాచి దారి చూపిస్తుంది. సూదిని లోపలికి దించేది డాక్టరే.

మా కోలార్ బంగారు గనుల (కేజీఎఫ్) ముసలివాళ్ల బొమ్మలు చూడగానే తెలిసిపోతాయి. ఊపిరితిత్తుల పైభాగాల్లో సన్నసన్న మచ్చలు. కొందరిలో అవి కలిసి గడ్డకట్టి అచ్చం కేన్సర్‌లా కనిపిస్తాయి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి గానీ, రాతిధూళి వాళ్ల రొమ్ముల్లోంచి పోలేదు.

అలాంటి ఒకాయన బల్ల మీద పడుకుని, "ఆ మిషన్ తప్పు చేస్తే ఎవరినప్పా అడిగేది?" అన్నాడు నాతో. నేను నోరు తెరిచేలోపే డాక్టరమ్మ దగ్గరికొచ్చి, "నన్నే అడుగు తాతా" అంది. ఎక్కడ పనిచేశావని అడిగింది. ఛాంపియన్ రీఫ్ గని, అండర్‌గ్రౌండ్, డ్రిల్లింగ్ అన్నాడు. ఆ సంగతి బొమ్మలో ఉండదు, అడిగితేనే తెలుస్తుంది. ఊపిరి బిగబట్టమంటే ఆయనకు దగ్గు తెర వచ్చింది. ఊపిరి కదిలితే గడ్డా కదులుతుంది. యంత్రం లెక్కగట్టింది దగ్గుకు ముందటి బొమ్మతో. ఆమె సూది పక్కన పెట్టి, ఆయన నెమ్మదించేదాకా ఆగి, మళ్లీ స్కాన్ తీయమంది. తొందరపడితే ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరే ప్రమాదముంది.

అంతా నేనే చేస్తున్నాననుకునేవాడికి తత్త్వం తెలియదని కూడా గీత అక్కడే అంటుంది. నిజమే, ఆ పనిలో యంత్రం ఉంది, దాన్ని చేసినవాళ్లున్నారు, ముసలాయన ఊపిరి ఉంది. కానీ ఆ మాటను అడ్డం పెట్టుకుని "కంప్యూటర్ అలా చూపించింది" అని తప్పుకోవడాన్ని నేను ఒప్పుకోను. కర్తృత్వం ఐదుగురికి పంచినా, జవాబుదారీ ఒకరి దగ్గరే ఉండాలి. మా గనుల్లో కేజ్‌ను దించే వైండింగ్ ఇంజిన్ డ్రైవరుకు అందులో దిగే మనుషులు కనపడేవాళ్లు కారు. గంటల సైగ, డయల్ మీద ముల్లు, అంతే ఆధారం. అయినా మూడు కిలోమీటర్ల లోతుకు దిగిన గనిలో ఆ ప్రాణాలకు పూచీ అతనిదే. ముల్లు చూపించిందని అతను చేతులు దులుపుకోలేకపోయేవాడు.

వైద్యంలో కృత్రిమ మేధ వాడకం గురించి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2023లో నైతిక మార్గదర్శకాలు తెచ్చింది. జవాబుదారీ అందులో ఒక సూత్రం. అది మా బల్ల దాకా రావాలి. రేపు సూదిని కూడా యంత్రమే దించవచ్చు. అప్పుడైనా ఒప్పుకోలు కాగితం మీద జవాబు చెప్పే డాక్టరు పేరుండాలి. సంతకానికి ముందు ఆ పేరు రోగికి ఆయన భాషలోనే చదివి వినిపించాలి, అది తెలుగైనా, కన్నడమైనా, తమిళమైనా, ఉర్దూ అయినా.