పెట్టించుకోవడమూ స్నేహమే

చిరంజీవి బంగారుతల్లికి,


ఫోనులో నువ్వు చెప్పిన సంగతి విన్నప్పటి నుంచి నీకు తీరిగ్గా రాయాలనుకుంటున్నాను. మాదాపూర్‌లో ఉద్యోగం వచ్చాక నీ హాస్టల్ స్నేహితురాలిని అప్పుడప్పుడూ మంచి హోటల్‌కు భోజనానికి తీసుకెళుతున్నావు. ప్రతిసారీ బిల్లు నువ్వే కడుతున్నావు. మొన్న ఆమె పర్సు తీయబోతే చెయ్యి పట్టుకుని ఆపేశావు. ఆ తర్వాత ఎప్పుడు పిలిచినా ఒకసారి తలనొప్పి అంటోంది, ఇంకోసారి మాక్ టెస్ట్ అంటోంది. "ప్రేమతోనే కదా పెట్టాను, ఎందుకు దూరమైంది?" అని అడిగావు.

నీది ప్రేమేనమ్మా, నాకు సందేహం లేదు. కానీ పెట్టే చెయ్యి ఎప్పుడూ ఒకరిదే అయితే, అవతలివాళ్లకు తిన్న అన్నం వంటబట్టదు.

నీ స్నేహితురాలిలా అశోక్‌నగర్‌లో ఉండి గ్రూప్స్ ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లల ఇబ్బంది తెలియనిదేమీ కాదు. ఇంటినుంచి వచ్చే డబ్బులో గది అద్దె, కోచింగ్, స్టడీ హాల్ పోగా మిగిలిన దానితో నెల గడవాలి. హైదరాబాద్‌లో 2014 నుంచి అయిదు రూపాయలకే భోజనం పెడుతున్న కేంద్రాలున్నాయే, వాటి దగ్గర వరుసలో కూలివాళ్లతో పాటు చదువుకునే పిల్లలూ నిలబడతారు. అలా రోజులు నెట్టుకొచ్చే పిల్ల మెనూ కార్డు తెరిస్తే వంటకం పేరుకన్నా ముందు దాని పక్కనున్న అంకె కనబడుతుంది. ఇద్దరికీ కలిపి 600 అవుతుందని మనసులో లెక్క వేసుకుంటుంది. పది శాతం సర్వీస్ ఛార్జీ, ఆపైన అయిదు శాతం జీఎస్టీ పడితే అది 693 అవుతుంది. నీకు ఆ తేడా పట్టదు. ఆమెకు అది రెండు రోజుల తిండి.

సర్వీస్ ఛార్జీని అడగకుండా బిల్లులో కలపకూడదని వినియోగదారుల రక్షణ సంస్థ 2022లోనే చెప్పింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా ఆ మాటనే నిలబెట్టింది. అయినా నలుగురిలో దాన్ని తీసెయ్యమని అడగడానికి చేతిలో డబ్బు తక్కువున్నవాళ్లకే ఎక్కువ మొహమాటం. కాబట్టి హోటల్ ఎంచుకునేటప్పుడే ఆ ఇబ్బంది రాని చోటు చూసుకోవాలి.

స్నేహానికి పంచతంత్రం ఆరు గుర్తులు చెప్పింది. ఇవ్వడం, పుచ్చుకోవడం, మనసులోది చెప్పడం, అవతలివాళ్లది అడగడం, తినడం, తినిపించడం. అన్నీ జంటలే చూడు. ఇచ్చేది నువ్వొక్కదానివే, తినిపించేది నువ్వొక్కదానివే అయితే అందులో సగం గుర్తులు ఆమెకు దక్కకుండా పోతాయి.

కుచేలుడి కథ చిన్నప్పుడు నా దగ్గరే విన్నావు. అందరూ కృష్ణుడిచ్చిన సంపద గురించే చెప్పుకుంటారు. కానీ ఆయన మొదట చేసిన పని పుచ్చుకోవడం. ద్వారకా వైభవం చూసి సిగ్గుపడి కుచేలుడు దాచుకున్న అటుకుల మూటను తనే అడిగి, లాక్కుని విప్పి, పిడికెడు నోట్లో వేసుకున్నాడు. అంతటి ఇంటికి వచ్చిన పేదవాడు తెచ్చినదాన్ని ప్రీతిగా తిన్నాకే తాను ఇచ్చాడు. ఆ ఇచ్చింది కూడా ఎదురుగా ఇవ్వలేదు. కుచేలుడు ఇంటికి వెళితేగాని తెలియలేదు. మిత్రుడి గౌరవాన్ని కాపాడటం అంటే అదీ.

నేను బెజవాడలో ఉద్యోగం చేసేటప్పుడు నా స్నేహితురాలు ఒక ప్రైవేటు బడిలో పంతులమ్మ. జీతం అందిన వారం నన్ను మెస్‌కు తీసుకెళ్లేది. కౌంటర్ దగ్గరికి నన్ను రానిచ్చేది కాదు. నాలుగు మడతలు పెట్టిన నోటు విప్పి రెండు టోకెన్లు తనే తీసుకునేది. ఆకులో వేడన్నం, ముద్దపప్పు పడగానే, "ఈవిడకు నెయ్యి ఇంకాస్త వెయ్యండి" అని వడ్డించే ఆయనతో దర్జాగా చెప్పేది. నేను ఖర్చు సంగతి ఎత్తేదాన్ని కాదు. గోంగూర అడిగి మరీ వేయించుకుని, మారన్నం పెట్టించుకుని తినేదాన్ని. అప్పుడు ఆమె ముఖం చూడాలి! ఇంకోసారి నా వంతు వచ్చినప్పుడు ఆమె కూడా అంతే నిండుగా తినేది.

ఆఫీసు వాళ్లతో వెళ్లినప్పుడు బిల్లును సమానంగా పంచుకుని ఫోన్లలో డబ్బు పంపుకోండి, తప్పులేదు. ప్రాణ స్నేహితురాలితో ఆ లెక్క వద్దు. ఆదాయాలు సమానం కానప్పుడు సగం సగం అనేది న్యాయంగా కనబడుతుందిగానీ, ఒకరికే బరువవుతుంది. ఈసారి నువ్వు, వచ్చేసారి నేను అనుకోవడమే మేలు. ఆ చిన్న బాకీ మళ్లీ కలవడానికి దారి తెరిచి ఉంచుతుంది. నీ వంతుకు బిర్యానీ కావచ్చు, ఆమె వంతుకు ఇరానీ హోటల్‌లో వన్ బై టూ చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు కావచ్చు. ఎవరి స్తోమతకు తగ్గట్టు వాళ్లు పెట్టుకుంటే రెండూ సమానమే. ఆమె తీసుకెళ్లిన చోట ధర చూసి చవకైనది ఎంచుకోకు, ఆకలి లేదనకు. ఆమె డబ్బు కడుతుంటే అడ్డుపడకు. నువ్వు కట్టేటప్పుడు ఎంతైందో పైకి చదవకు, ఆ తర్వాత ఆ ఊసు ఎవరి దగ్గరా ఎత్తకు.

ఈ ఆదివారం నువ్వే అశోక్‌నగర్ వెళ్లు. "నాకు ఆకలేస్తోందే, మీ మెస్‌లో భోజనం పెట్టించు" అని నోరు తెరిచి అడుగు. చదువు ఎలా సాగుతోందని పరీక్ష పెట్టినట్టు అడగకు. ఆమె చెప్పిందే విను. కడుపునిండా తిని, బాగుందని మనస్ఫూర్తిగా చెప్పు. ఇచ్చే చెయ్యి నీకు మీ అమ్మా నాన్నల నుంచే వచ్చింది. పుచ్చుకునే మనసు మాత్రం నువ్వు అలవాటు చేసుకోవాలి తల్లీ.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ